నాలుగో సిగరెట్

ఉదయం ఐదూ యాభైకి పొడుం మేష్టారు హాల్లో గాజు బీరువా ముందు నేల మీద పడి ఉన్నారు. మొదట చూసింది వంటావిడ. చేతిలోని పాలగిన్నె కింద పెట్టింది, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఆ తర్వాతే కేక వేసింది. ఊపిరి ఆడుతోంది. మీసాల మీద ముక్కుపొడుం ఉంది. బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి డిటెక్టివ్ వచ్చేసరికి మేష్టారు ఆసుపత్రిలో నిద్రపోతున్నారు. ప్రాణభయం లేదన్నారు. ఇన్‌స్పెక్టర్ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతని లెక్కలో కేసు తేలిపోయింది.

"ఆలస్యంగా వచ్చావు వదినా. ఐదున్నరకి నర్సుని తీసుకెళ్తున్నాను."

"ఇప్పుడు మూడేగా. అందాకా ఏం చేస్తావు?"

"రిపోర్టు రాస్తాను."

"నీ చేతిరాతకి ఆ టైము చాలదు మరిదీ."

ఈ డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్‌కి స్వయానా అన్నగారి భార్య. పోలీసు పరీక్షకి అతను చదివింది ఆమె ఇంట్లో, ఆమె వండింది తిని. ఇద్దరూ ఇంతవరకు ఆరు కేసుల్లో ఎదురుపడ్డారు. ఎవరెన్ని గెలిచారన్న విషయంలో ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు.

ఆమెని పిలిపించింది ఈ ఇల్లు నడిపే డాక్టర్. దీన్ని విడుపు ఇల్లు అంటారు. ఏదో ఒకటి మానుకోవాలనుకున్నవాళ్లు మూడు వారాలు ఇక్కడుంటారు. మానుకోవలసిన వస్తువుని చేరిన రోజే గాజు బీరువాలో పెడతారు. ఒక్కొక్కరికి ఒక్కో అర. రోజూ సాయంత్రం ఐదింటికి అందరూ బీరువా ముందు కూర్చుని ఎవరి వస్తువుని వాళ్లు చూస్తారు. ముట్టుకోరు. పావుగంట అయ్యాక లేచి వెళ్లిపోతారు. పావుగంటే అయినా దాని పేరు చూపు గంట.

"దాచేస్తే మనసు వెతుక్కుంటుంది. కళ్లెదురుగా పెట్టి, లేచి వెళ్లడం నేర్పాలి," అంది డాక్టర్.

"లేచి వెళ్తారా?"

"మొదటి వారం చెయ్యి పట్టుకుని లేపాలి."

ప్రస్తుతం ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. ముక్కుపొడుం మానడానికి వచ్చిన మేష్టారు. తలనొప్పి మాత్రలు మానడానికి వచ్చిన ఆవిడ, అందరికీ మాత్రలత్తయ్య. బలపం తినడం మానడానికి వచ్చిన కొత్తకోడలు. సిగరెట్ మానడానికి వచ్చిన నడివయసు మనిషి, సిగరెట్టాయన. ఆఖర్న చేరింది ఈయనే, పోయిన వారం. మేష్టారూ ఈయనా ఒకే గదిలో ఉంటారు.

ఇన్‌స్పెక్టర్ తన వాదన వినిపించాడు. మేష్టారి చేతిరుమాలుకి పొడుం అంటుకుని ఉంది. దాన్ని డాక్టరే నీళ్లలో కలిపి పరీక్ష పట్టీ ముంచింది. నిద్రమాత్రలు మానడానికి వచ్చేవాళ్ల కోసం ఆ పట్టీలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. పట్టీ మీద ఎర్ర గీత పడింది. అంటే పొడుంలో నిద్రమందు ఉంది. బీరువాలో ఉన్న మేష్టారి డబ్బీలో పొడుం కూడా పరీక్షించారు. గీత పడలేదు. పైగా డబ్బీలోది నల్లది, గరుకు. రుమాలుదేమో ఎర్రది, పిండిలా మెత్తన.

"కాబట్టి పొడుం బయటినుంచి వచ్చింది. ఇక్కడున్నవాళ్లు గేటు దాటకూడదు. దాటేది నర్సు ఒక్కతే. చేరేవాళ్ల సంచులు తనిఖీ చేసేదీ నర్సే. తెస్తే ఆవిడే తేవాలి, రానిస్తే ఆవిడే రానివ్వాలి."

"ఎందుకు తెస్తుంది?"

"మేష్టారు ఆవిడ మీద రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఒకసారి దుప్పటి గురించి, ఒకసారి గొంతు గురించి."

"గొంతు గురించా?"

"ఆవిడ పాడుతుందట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆవలించి, జేబులోంచి ఒక సీసా తీసి, దాని మీద బోర్లించి ఉన్న పచ్చ మూతలో కొలిచి తాగాడు.

"అదేమిటి?"

"సిగరెట్ మాన్పించే టానిక్. స్టేషన్‌లో సగంమంది ఇదే తాగుతున్నారు. నెలైంది వదినా, ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. మొదట్లో రోజుకో మూత. ఇప్పుడు నాలుగు."

"సిగరెట్ వదిలేసి దీన్ని పట్టుకున్నావన్నమాట."

"ఇది మందు."

"సిగరెట్ మొదలుపెట్టినప్పుడూ అదే అన్నావు. టెన్షన్‌కి మందన్నావు."

"ముందు నీ సంచిలో బియ్యం డబ్బా తీసి ఆ బీరువాలో పెట్టు. తర్వాత నాకు చెబుదువుగాని."

డాక్టర్ తల తిప్పి చూసింది. డిటెక్టివ్ పచ్చి బియ్యం తింటుంది. ఒంట్లో రక్తం తక్కువైందనీ, బియ్యం తింటే అది ఇంకా తగ్గుతుందనీ ఆమెకి చెప్పారు. ఇచ్చిన మాత్రలు వేసుకుంటుంది. బియ్యమూ తింటుంది.

ఆమె చెయ్యి చాపి మరిది చేతిలోని పచ్చ మూత లాక్కుని, ఒక కాగితంలో చుట్టి, చేతిసంచిలో వేసుకుంది.

"నర్సుని వదిలాక ఇస్తాను."

"వదినా, డ్యూటీలో ఉన్న ఆఫీసర్ వస్తువది."

"అయితే నా మీదా కేసు పెట్టండి ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు రాసుకోవడానికి జీపు దగ్గరికి వెళ్లాడు.

నర్సు వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. పక్కనే వంటావిడ వంకాయలు తరుగుతోంది. వంటావిడ నర్సుకి అత్తగారు. ఇద్దరూ ఈ ఇంటి వెనక గదిలోనే ఉంటారు.

"రాత్రి ఆఖరిసారి మేష్టారిని ఎప్పుడు చూశావమ్మా?"

"పదింటికండీ. మెలకువగానే ఉన్నారు. ముక్కు రుద్దుకుంటున్నారు. బీరువా తాళంచెవి నా నడుముకే ఉంది. పొద్దున్న అత్తయ్య కేక వేసేదాకా నేను లేవలేదు."

"దీన్ని నేను చెబుతానుండండి," అంది వంటావిడ. "ఇది నాతో రోజుకి మూడు పూటలా పోట్లాడుతుంది. మొహం మీదే పోట్లాడుతుంది. ఇలా చాటుగా మందులు కలిపే తెలివి దీనికి లేదు. ఆ తెలివి ఉన్నదాన్ని నేను. నన్నడగండి."

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకుంటారా?"

"చూశారా? దీని నోరు ఇదీ."

"ఐదున్నరకి తీసుకెళ్తానన్నారు మేడమ్," అంది నర్సు. "మందు పెట్టిందని ఒక్కసారి కేసు రాస్తే నా లైసెన్సు తీసేస్తారు. మళ్లీ ఎవరికీ సూది వెయ్యనివ్వరు. నాకు వేరే పని రాదు."

"పాట వచ్చుగా," అంది వంటావిడ. అనేసి, వంకాయ ముక్కలు నీళ్లలో వేసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు ఇంకా కొయ్యలేదు.

మేష్టారి ఒంటి మీది బట్టలు ఆసుపత్రివాళ్లు కవర్లో పెట్టి పంపారు. డిటెక్టివ్ వాటిని హాల్లో బల్ల మీద పరిచింది. చొక్కా. పంచె. మేజోళ్లు. మేజోళ్లని వెలుగులో పెట్టి తిప్పి చూసింది. మడమల దగ్గర నల్లగా దుమ్ము పట్టి ఉంది. పాదాల కింద లేదు. వేళ్ల దగ్గర లేదు.

"మేష్టారి చెప్పులేవి?"

"మంచం కిందున్నాయి," అంది డాక్టర్.

"ఆయన నడిచి రాలేదు. ఎవరో చంకల కింద చేతులేసి వెనక్కి లాక్కొచ్చారు. పొడుం గదిలోనే పీల్చారు. బీరువా కోసం లేచి వచ్చి పడిపోయినట్టు కనబడాలని ఇక్కడ పడుకోబెట్టారు. ఆయన బరువెంత?"

"తొంభై కిలోలు."

"నర్సు?"

"నలభై ఎనిమిది."

కిటికీలోంచి ఈ మాట జీపులో ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి చెబితే, అత్తగారు సాయం పట్టి ఉంటుందన్నాడు. వంటావిడ గరిటెతో బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కిటికీ అద్దం ఎక్కించుకున్నాడు.

నాలుగింటికి ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. మేష్టారు లేచారు. లేస్తూనే అడిగింది, నా డబ్బీ ఏదీ అని. డిటెక్టివ్ ఫోను అందుకుంది.

"మేష్టారూ, రాత్రి మీకు పొడుం ఎవరిచ్చారు?"

"ఎవరమ్మా మీరు?"

"డిటెక్టివ్‌ని."

"నలభై ఏళ్లు లెక్కలు చెప్పానమ్మా. జవాబు మనమే చెప్పేస్తే పిల్లలు నేర్చుకోరు."

"అందులో నిద్రమందు కలిపారు. ఇంకొంచెం ఎక్కువైతే మీరు లేచేవారు కాదు."

"తెలుసు. ఇక్కడివాళ్లు చెప్పారు."

"మరి పేరు చెప్పరేం?"

"పేరు చెబితే మళ్లీ ఇవ్వరుగా," అన్నారు మేష్టారు. ఫోను పెట్టేశారు.

డిటెక్టివ్ ఫోను వంక కాసేపు చూసి డాక్టర్‌కి ఇచ్చేసింది.

"ఇంత చదువుకున్నాయన!" అంది.

"చదువుకీ దీనికీ సంబంధం లేదండీ. హాయిగా ఉండటం వేరు, కావాలనిపించడం వేరు. మొదట్లో రెండూ కలిసే వస్తాయి. కొన్నాళ్లకి హాయి పోతుంది. కావాలన్నది ఒక్కటే మిగులుతుంది. పొడుం పీలిస్తే బాగుంటుందా అని మేష్టారిని అడిగాను. బాగుండి పదేళ్లయిందన్నారు."

నాలుగూ పదికి డిటెక్టివ్ మేష్టారి గదికి వెళ్లింది. రెండు మంచాలు, రెండు అల్మరాలు, ఒక కిటికీ. మేష్టారి దుప్పటి సగం నేల మీద ఉంది. మంచం కాళ్ల దగ్గరనుంచి తలుపుదాకా నేల మీది దుమ్ములో రెండు చారలున్నాయి. పొద్దున్నించీ ఆ గదిలోకి వచ్చిపోయిన బూట్లు ఆ చారల్ని చాలావరకు తొక్కేశాయి. మిగిలింది రెండు అడుగుల మేరే.

సిగరెట్టాయన తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. సిగరెట్లు ఎన్నేళ్లనుంచి?"

"ఇరవై ఏళ్లండీ. రోజుకి రెండు పెట్టెలు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లిపోతానంది. అందుకే వచ్చాను."

"ఇప్పుడెలా ఉంది?"

"ప్రాణం లాగేస్తోందండీ. అన్నం దిగదు, నిద్ర రాదు."

"రాత్రి మేష్టారిని ఈడ్చుకెళ్తుంటే మీకు మెలకువ రాలేదా?"

"నేను పడుకుంటే దుంగనేనండీ. ఏనుగులు తొక్కినా లేవను."

"ఇప్పుడే కదా నిద్ర రాదన్నారు?"

"రాదండీ. వస్తే మాత్రం దుంగనే."

అతని కిటికీ గట్టు మీద దువ్వెన, గడ్డం గీసుకునే సామాను, ఒక టాల్కం పౌడరు డబ్బా, చొక్కా గుండీలు వేసి పెట్టుకున్న చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉన్నాయి. డిటెక్టివ్ గుండీలు చూసింది. తెల్లవి నాలుగు, నల్లది ఒకటి. అతని వేళ్లు చూసింది. కుడిచేతి వేళ్ల మధ్య చర్మం శుభ్రంగా ఉంది.

"నర్సు మంచిదేనండీ పాపం," అన్నాడు సిగరెట్టాయన. "కానీ ఈ పద్ధతేంటండీ? వస్తువుని ఎదురుగా పెట్టి ఊరించడం. ఈ సంగతి పేపర్లో పడితే ఇల్లు మూసేస్తారేమోనండీ?"

"పేపర్లో పడుతుందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ. పడుతుంది కదా అని."

వరండాలోకి వచ్చి డిటెక్టివ్ సంచి తెరిచింది. బియ్యం డబ్బా మీద చెయ్యి పడగానే ఆగింది. డాక్టర్ చూస్తోంది.

"పోయిన నెల మా ఆయన ఈ డబ్బాని వంటింటి గూట్లో ఎడమవైపునుంచి కుడివైపుకి జరిపారు," అంది. "నాకు గుమ్మంలోనే తెలిసిపోయింది. పిల్లల పరీక్షలు ఎప్పుడో గుర్తుండదు నాకు. ఆ డబ్బాలో గింజలు ఏ గీత దగ్గరిదాకా ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మీవాళ్లకీ అంతేనా?"

"అంతే. బీరువా తుడిచినప్పుడు నర్సు ఏదన్నా వెంట్రుకవాసి జరిపితే గొడవే."

"చూపు గంటకి ఇంకా ఎంతసేపుంది?"

"అరగంట."

"బీరువా తెరవాలి. సాక్షులు కావాలి. మా మరిదికి చెప్పొద్దు."

తాళంచెవి ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్ దగ్గరుంది. అడిగితే ఇచ్చాడు.

"మీ సారేం చేస్తున్నారు?"

"జీపులో కునుకు తీస్తున్నారమ్మా. ఈ మధ్య మధ్యాహ్నం నిద్ర అలవాటైంది ఆయనకి. లేపితే తిడతారు."

"లేపకు."

డాక్టరూ కానిస్టేబులూ చూస్తుండగా డిటెక్టివ్ బీరువాలో మూడు మార్పులు చేసింది. మాత్రల సీసాని ఒక వేలెడు పక్కకి తిప్పింది. బలపం మొనని కుడినుంచి ఎడమకి మార్చింది. సిగరెట్ పెట్టె మూత తెరిచి ఉంది, లోపల నాలుగు సిగరెట్లున్నాయి. ఒకటి తీసి కానిస్టేబుల్ చేతికిచ్చింది. అతను దాన్ని టోపీలో పెట్టుకున్నాడు. తాళం వేశారు.

ఐదింటికి చూపు గంట మొదలైంది.

మాత్రలత్తయ్య ఇంకా కుర్చీ దగ్గరికి రాలేదు. హాలు మధ్యలోనే ఆగిపోయింది.

"నా సీసాని ఎవరు ముట్టుకున్నారు?"

"ఏమైంది అత్తయ్యా?" అంది డాక్టర్.

"చీటీ మీద ఎర్రబొట్టు నాకు ఎదురుగా ఉండాలి. అటు తిరిగింది. పన్నెండేళ్లు ఆ ఎర్రబొట్టు మొహమే చూశాను నేను. మా ఆయన మొహం కూడా అంత చూసి ఉండను."

"తలనొప్పి తగ్గిందా అత్తయ్యా ఇప్పుడు?" అంది డిటెక్టివ్.

"విచిత్రం అదేనమ్మా. మొదట తలనొప్పి వస్తే మాత్ర వేసుకునేదాన్ని. తర్వాత్తర్వాత మాత్ర టైము దాటితే తలనొప్పి వచ్చేది. మాత్రే పిలిచేది దాన్ని. ఇక్కడికొచ్చాక మొదటి నాలుగు రోజులు గోడకేసి కొట్టుకున్నాను. ఇప్పుడు లేదు. అయినా ఆ సీసా అటు తిరిగితే నాకు ఒళ్లు మండుతోంది. ముందు తిప్పండి."

బలపం కోడలు అప్పటికే అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"నాదీ తిరిగిందండీ. మొన కుడివైపు ఉండాలి. మొననించే కదా మొదలెడతాం," అంది. అని, నాలుక కరుచుకుంది.

సిగరెట్టాయన కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని తన అరవైపు చూశాడు. రెండుసార్లు నిట్టూర్చాడు.

డిటెక్టివ్ అతన్ని పావుగంటసేపూ చూడనిచ్చింది. తర్వాత అడిగింది.

"మీదేమన్నా మారిందా?"

"లేదండీ. అలాగే ఉంది. చూస్తుంటేనే గుండె లాగేస్తోంది."

"జాగ్రత్తగా చూడండి."

"చూశానండీ. నా పెట్టె నాకు తెలియదా?"

అప్పుడే ఇన్‌స్పెక్టర్ కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. నర్సుని తీసుకెళ్లడానికి వచ్చాడు. బీరువా అతనికి నాలుగు బారల దూరంలో ఉంది.

"అదేంటి, అందులో నాలుగుండాలిగా? మూడే ఉన్నాయేం?" అన్నాడు.

కానిస్టేబుల్ టోపీ సర్దుకున్నాడు.

"నువ్వెప్పుడు చూశావు మరిదీ?"

"పొద్దున్న వచ్చినప్పుడు."

"ఒక్కసారేనా?"

"బీరువా పరిశీలించడం నా డ్యూటీ."

"ఎన్నిసార్లు పరిశీలించావు?"

మాత్రలత్తయ్య చెప్పింది. "తొమ్మిదిసార్లమ్మా. నేను ఇక్కడే కూర్చునున్నాను. ఒకసారి అద్దం మీద చెయ్యి కూడా పెట్టాడు బాబు."

డిటెక్టివ్ సిగరెట్టాయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మానేసి నెలైనవాడికి గుమ్మంలోంచి తెలిసింది. ఇరవై ఏళ్లు రోజుకి రెండు పెట్టెలు కాల్చినాయనకి ఎదురుగా కూర్చుని తెలియలేదు. మీరు సిగరెట్ తాగరు. ఎప్పుడూ తాగలేదు. మరి ఇక్కడికి ఎందుకొచ్చారు?"

"కళ్లు సరిగ్గా ఆనవండీ నాకు."

"చేరిన రోజు నేనే పరీక్షించాను," అంది డాక్టర్. "ఆఖరి వరసదాకా చదివారు."

సిగరెట్టాయన లేచాడు. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్, వరండా తలుపు దగ్గర కానిస్టేబుల్, వంటింటి తలుపు దగ్గర గరిటెతో వంటావిడ ఉన్నారు. ముగ్గురినీ చూసి మళ్లీ కూర్చున్నాడు.

అతని కిటికీ గట్టు మీదున్నవన్నీ కానిస్టేబుల్ పళ్లెంలో పెట్టి తెచ్చాడు. టాల్కం డబ్బా మూత ఊడదీసి కాగితం మీద కుమ్మరించారు. పైన తెల్ల పౌడరు. కింద పొట్లం. పొట్లంలో ఎర్ర పొడుం, మెత్తన. డాక్టర్ చిటికెడు నీళ్లలో కలిపి పట్టీ ముంచింది. గీత పడింది.

"ఆయనే అడిగారండీ," అన్నాడు సిగరెట్టాయన. "రాత్రంతా ముక్కు రుద్దుకుంటూ కూర్చునేవారు. జాలేసి ఇచ్చాను. ముక్కుపొడుం ఇవ్వడం నేరమా?"

"నిద్రమందు కలిపింది కూడా జాలేసేనా?"

అతను చొక్కా మీద పడ్డ తెల్ల పౌడరు దులుపుకున్నాడు.

"ఆయన్ని బీరువా ముందు పడుకోబెట్టింది, ఇల్లు మూయించడానికి. మీకు ఈ ఇంటితో ఏం పగ? ఎవరు పంపారు?"

అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"స్టేషన్‌లో చెబుతాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో హుషారు వచ్చింది. "నాలుగో సిగరెట్ సంగతి పట్టింది ఎవరో అందరూ చూశారుగా. రిపోర్టులో అలాగే రాస్తాను."

"రాసుకో. నర్సు పేరున్న కాగితం ముందు చించు."

ఇన్‌స్పెక్టర్ కాగితం చించాడు. వంటావిడ ముక్కలు ఏరి పొయ్యిలో వేసింది. కోడలిని ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లోంచి, ఉల్లిపాయలు ఇప్పటిదాకా ఎవరూ కొయ్యకపోతే రాత్రికి ఏం తింటారని నర్సు గొంతు వినిపించింది. దానికి దీటుగా అత్తగారి గొంతు లేచింది.

"నా మూత ఇలా ఇవ్వు వదినా. నర్సుని వదిలేశాగా."

"అక్కర్లేదు. నీకూ ఒక అర ఖాళీ పెట్టించాను బీరువాలో. సీసా కూడా ఇటివ్వు."

"ఉంచుకో నీ మూత. మూత లేకపోతే తాగలేమా?" అని ఇన్‌స్పెక్టర్ సీసా ఎత్తి గొంతులో పోసుకున్నాడు. ఎంత పోసుకున్నాడో కొలత లేదు. సిగరెట్టాయన అటే చూస్తున్నాడు. ఆ సాయంత్రం అతను ఒక వస్తువుని రెప్ప వెయ్యకుండా చూడటం అదే మొదటిసారి. డిటెక్టివ్ ఆ సంగతి గమనించింది. అర్థం చేసుకోలేదు.

ఐదూ నలభైకి జీపు గేటు దాటింది. ఇన్‌స్పెక్టరే నడుపుతున్నాడు. సిగరెట్టాయన వెనక సీట్లో ఉన్నాడు. ఒక చేతికి బేడీ, దాని రెండో కొస సీటు కడ్డీకి. గదికి కాపలాగా కానిస్టేబుల్ ఇక్కడే ఉండిపోయాడు.

డిటెక్టివ్ పళ్లెంలోని సామాను ఒక్కొక్కటీ కవర్లో వేయించింది. దువ్వెన. బ్లేడు. టాల్కం డబ్బా. గుండీల గిన్నె మిగిలింది. గుండీలు బల్ల మీద పోసింది. గిన్నె పచ్చగా ఉంది. లోపల కొలత గీతలున్నాయి. గీతల సందుల్లో ఎర్ర పొడుం ఇరుక్కుని ఉంది.

ఆమె సంచి తెరిచి, బియ్యం డబ్బా పక్కన కాగితంలో చుట్టి పెట్టిన మరిది మూత తీసింది. దాన్ని ఆ గిన్నెలో పెట్టింది. రెండూ ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. రెండింటి అడుగునా ఒకే గుర్తు ఉంది.

"డాక్టర్ గారూ, ఈ టానిక్ వాళ్లు మీకు తెలుసా?"

డాక్టర్ మూతని దగ్గరికి తీసుకుని చూసింది.

"రెండు నెలల కిందట వచ్చారు. ఇల్లు మూసేసి, ఇందులో వాళ్ల టానిక్ దుకాణం పెట్టుకోనివ్వమన్నారు. ఇక్కడినుంచి మానేసి వెళ్లినవాళ్లు టానిక్ కొనడం లేదట. పొమ్మన్నాను."

"మూతలో ఒక బొట్టు మిగిలింది. పట్టీ ఉందా?"

డాక్టర్ పట్టీ తెచ్చింది. బొట్టులో రెండు చుక్కలు నీళ్లు కలిపి ముంచింది. ఇద్దరూ నిలబడి చూశారు. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత గీత పడింది. పొడుంకి పడ్డ చోటే, అదే ఎరుపు.

"రోజుకి నాలుగు మూతలన్నాడు," అంది డిటెక్టివ్.

"ఇందాక ఎంత తాగారు?"

"మూత నా దగ్గరుంది."

ఆమె మరిదికి ఫోను చేసింది. మోగింది, తియ్యలేదు. మళ్లీ చేసింది. తియ్యలేదు. కానిస్టేబుల్ స్టేషన్‌కి చేశాడు. జీపు ఇంకా రాలేదన్నారు. విడుపు ఇంటినుంచి స్టేషన్‌కి జీపులో పావుగంట. అప్పటికి టైము ఆరూ ఇరవై.

నాలుగోసారి చేస్తే ఎవరో తీశారు. ఆ గొంతు మరిదిది కాదు.

"ఎవరండీ మీరు?"

"రైలుగేటు దగ్గర గేటుమనిషినమ్మా. గేటు ముందు పోలీసు జీపు ఆగుంది. ఇంజను ఆడుతూనే ఉంది. రైలు వెళ్లిపోయి చాలాసేపైంది, గేటు తీశాను, అయినా కదలదు. వెనకాల లారీలన్నీ హారన్లు కొడుతున్నాయి. ఫోను మోగుతోంటే తీశాను."

"లోపల ఇన్‌స్పెక్టర్ ఉన్నారా?"

"స్టీరింగ్ మీద తల పెట్టి పడుకున్నారమ్మా. కుదిపినా లేవడం లేదు."

"ఊపిరి ఉందా చూడండి."

"ఉందమ్మా. గురక పెడుతున్నారు."

"వెనక సీట్లో ఒకాయన ఉండాలి. చూడండి."

గేటుమనిషి జీపు చుట్టూ తిరిగి వెళ్లాడు. ఫోనులో లారీ హారన్లు వినిపించాయి. తర్వాత తలుపు చప్పుడు వినిపించింది.

"ఎవరూ లేరమ్మా. కడ్డీకి బేడీలు వేలాడుతున్నాయి. తాళంచెవి వాటికే ఉంది."

"ఇన్‌స్పెక్టర్ పక్కన ఒక సీసా ఉండాలి. పచ్చ చీటీ ఉంటుంది."

గేటుమనిషి సీటు మీద చూశాడు. సీటు కింద చూశాడు. ఇన్‌స్పెక్టర్ జేబులు తడిమాడు.

సీసా లేదు.